ఎవరి ‘సరే’, దేనికి ‘సరే’?
అక్షరాలతో ఆడే వేషాల ఆటల్లో సమ్మతి గురించిన చర్చ

నాటకంలో దుశ్శాసనుడు ద్రౌపది కొంగు పట్టుకునేటప్పటికి ఆ వేషాలు కట్టిన ఇద్దరికీ ముందేం జరగబోతోందో తెలుసు. ఎంతసేపు లాగాలి, ఏ పద్యం దగ్గర చేతులు సోలిపోవాలి, తెర ఎప్పుడు పడాలి, అన్నీ రిహార్సల్లోనే తేలిపోయి ఉంటాయి. ఇప్పుడా నాటకం పుస్తకం తీసి పక్కన పెట్టండి. వేషధారులిద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. అసలు పేర్లు తెలియవు, వయసులు తెలియవు. ఒకరిది హైదరాబాదు, ఇంకొకరిది ఒహాయో అయినా కావచ్చు. చేతికింద కీబోర్డు తప్ప ఏమీ లేదు. ఒకరు ‘కొంగు పట్టుకున్నాడు’ అని టైపు చేసి ఎంటర్ నొక్కారు. పట్టుకున్నట్టేనా? పట్టుకోనివ్వనని అవతలి మనిషి అనొచ్చా? అంటే ఆట ఆగిపోవాలా?

కేవలం అక్షరాలతో, పదిమంది కలిసి కథ అల్లుకుంటూ ఆడే ఆన్‌లైన్ ఆటల్లో ఈ ప్రశ్న మూడు దశాబ్దాలకు పైగా నలుగుతోంది. మడ్, మష్, మూ అని పిలిచే పాతకాలపు ఆటల్లోనూ, లైవ్‌జర్నల్, డ్రీమ్‌విడ్త్ అనే బ్లాగు సైట్లలో నడిచిన ఆటల్లోనూ, ఇప్పటి డిస్కార్డ్ సర్వర్లలోనూ ప్రతి తరమూ దీన్ని తానే కొత్తగా కనిపెట్టినట్టు తగువు పడింది. ఈ తగువు ఇంతగా చిక్కుపడటానికి కారణం, ‘సమ్మతి’ అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు సంగతులు మాట్లాడుకోవడం. నా పాత్రకు ఏమవుతుందో తేల్చే హక్కు ఎవరిదన్నది ఒకటి. నా కళ్ళ ముందుకు ఎలాంటి రాత రావచ్చన్నది రెండోది. ఈ నియమాలు పెట్టే పెత్తనం వాళ్ళకెవరిచ్చారన్నది మూడోది. మొదటిదాని గురించి ఒకరు అడుగుతుంటే రెండోదానికి ఇంకొకరు జవాబు చెబుతుంటారు. మూడోది అడిగినవాణ్ణి సాధారణంగా బయటికి పంపేస్తారు.

చంపుకోవడానికే వచ్చిన రోజులు

1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టగా, రిచర్డ్ బార్టిల్ అందుకుని పెంచిన ‘మడ్’ ఈ ఆటలన్నిటికీ మూలపురుషుడు. అందులో ఒక ఆటగాడు ఇంకో ఆటగాడి మీదికి కత్తి దూయడానికి అడ్డేమీ లేదు. పోరులో చచ్చాడా, అన్నాళ్ళూ కూడబెట్టుకున్న పాయింట్లతో సహా పాత్ర పోయినట్టే. సమ్మతి అడిగే ఊసే లేదు. లోపలికి అడుగు పెట్టడమే సమ్మతి. చదరంగం బల్ల ముందు కూర్చుని నా మంత్రిని మాత్రం చంపకండి అని ఎవరూ అనరు కదా.

కథ మలుపు తిరిగింది 1989లో. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఆస్ప్‌నెస్ రాసిన టైనీమడ్‌లో గెలవడానికంటూ ఏమీ లేదు. ఎవరి గదులు వాళ్ళు కట్టుకోవచ్చు, కూర్చుని కబుర్లాడుకోవచ్చు. మరుసటి ఏడు దాన్నుంచే టైనీమష్ వచ్చింది. ఆ దారిలో పుట్టిన ఆటల్లో కంప్యూటర్ లెక్కల స్థానంలోకి మనుషులు రాసే వాక్యాలు వచ్చాయి. కత్తి తగిలిందో లేదో యంత్రం చెప్పినంత కాలం పేచీ లేదు. అది చెప్పాల్సింది వాక్యమే అయ్యేసరికి, ఎవరి వాక్యం చెల్లుతుందన్న పేచీ మొదలైంది.

‘నరికాడు’, ‘నరకబోయాడు’

మష్‌లలో ఆడేవాళ్ళు తమ పాత్ర చేసే పనిని బయటినుంచి చూస్తున్నట్టు ఒకటి రెండు వాక్యాల్లో రాస్తారు. దాన్ని పోజ్ అంటారు. ఈ రెండు పోజ్‌లు చూడండి.

భైరవుడు కత్తి దూసి రంగడి మెడ నరికాడు.

భైరవుడు కత్తి దూసి రంగడి మెడ నరకబోయాడు.

మొదటి వాక్యంతో రంగడు చచ్చాడు. రంగణ్ణి ఆడుతున్న మనిషికి ఒక్క అక్షరం టైపు చేసే వ్యవధి కూడా దొరకలేదు. రెండో వాక్యం తర్వాత రంగడు పక్కకు తప్పుకోవచ్చు, డాలు అడ్డం పెట్టొచ్చు, కథ రక్తి కట్టడం కోసం తనంతట తాను చావనూ వచ్చు. ఇంగ్లీషు ఆటగాళ్ళు ఈ తేడాను కొత్తవాళ్ళకు నూరిపోయడానికి పేజీలకు పేజీలు సూచనలు రాసుకున్నారు. మన భాషలో ఆ పని ‘బోయాడు’ చేసేస్తుంది.

మొదటి రకం రాతను పవర్‌పోజింగ్ అనీ, గాడ్‌మోడింగ్ అనీ అంటారు. ఎదుటివాడి పాత్రను నువ్వు రాయకూడదన్నది దాదాపు అన్ని గుంపులూ ఒప్పుకున్న ఒకే ఒక్క నియమం. అయితే ఇది కత్తుల దగ్గరే ఆగదు. ‘భైరవుణ్ణి చూడగానే రంగడు గజగజ వణికాడు’ అని భైరవుడి తరఫు మనిషి రాసినా తప్పే. వణకాలో నవ్వాలో రంగడి ఇష్టం. ‘ఆమె అందానికి సభంతా నివ్వెరపోయింది’ అని రాయడమూ అంతే. కొత్తగా వచ్చినవాళ్ళు చేసే తప్పుల్లో హత్యల కన్నా ఈ నివ్వెరపాట్లే ఎక్కువ.

ఒక సోమవారం రాత్రి

ఈ చర్చ గురించి రాసేవాళ్ళు చాలామంది లాంబ్డామూ దగ్గర మొదలుపెడతారు. నిజానికది వేషాల ఆట కూడా కాదు, కబుర్ల లోగిలి. జిరాక్స్ వారి పార్క్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన పావెల్ కర్టిస్ తన సొంత ఇంటి నమూనాలోనే అక్షరాలతో కట్టిన ఇల్లది. 1993 మార్చిలో ఒక సోమవారం రాత్రి ఆ ఇంటి హాల్లోకి మిస్టర్ బంగిల్ అనే పాత్ర వచ్చింది. అతని దగ్గర ‘వూడూ బొమ్మ’ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. ఇతరులు చేయని పనులను వాళ్ళే చేసినట్టుగా అది అందరి తెరల మీదా వాక్యాలు పుట్టిస్తుంది. దానితో అతను లెగ్బా, స్టార్‌సింగర్ అనే పాత్రల మీద లైంగిక హింస రాసుకుంటూ పోయాడు. ఆ ఏడాది డిసెంబరులో జూలియన్ డిబెల్ న్యూయార్క్ వారపత్రిక విలేజ్ వాయిస్‌లో ఈ ఉదంతం రాశాక అది ప్రపంచానికి తెలిసింది. మర్నాడు ఆ సంగతి అందరి ముందూ పెడుతూ టైపు చేస్తున్నంతసేపూ లెగ్బాను ఆడే సియాటిల్ మహిళ కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయని అందులో ఉంది.

నచ్చకపోతే అతని మాటలు కనపడకుండా చేసుకోవచ్చు కదా అని అప్పుడు కొందరన్నారు. ఎవరి రాతనైనా మన తెర మీదికి రాకుండా ఆపే ఆదేశం అక్కడ ఉంది. కానీ ఆ ఆదేశం మూసేది మన కళ్ళనే. హాల్లో ఉన్న మిగతావాళ్ళందరి తెరల మీదా మన పాత్ర ఆ పనులు చేస్తూనే ఉంటుంది. బాధితులకు తెలిసిన ఈ సంగతి సలహాలిచ్చినవాళ్ళకు తట్టలేదు. పైన చెప్పిన మూడు ప్రశ్నల్లో మొదటిదీ రెండోదీ వేరువేరని ఇక్కడ నిలువునా కనిపిస్తుంది. కళ్ళు మూసుకోగలగడం, పాత్ర మీద హక్కు ఉండటం ఒకటి కాదు. వూడూ బొమ్మ చేసింది పవర్‌పోజింగే. యంత్రం చేత చేయించాడు కనుక ‘నేను చేయలేదు’ అనడానికి కూడా బాధితులకు వీల్లేకుండా పోయింది. లైంగిక హింసకు గురైనవాళ్ళు ఊరట కోసం చేరిన జెన్నీమష్‌లోనూ ఇలాంటి దాడే జరిగిందని ఆస్ట్రేలియా పరిశోధకురాలు ఎలిజబెత్ రీడ్ నమోదు చేసింది.

రెండు శిబిరాలు, మధ్యలో జనం

అసలైన వేషాల ఆటల్లో తగువు మరో తీరున సాగింది. ఒక శిబిరం పూర్తి సమ్మతి వాళ్ళది. పాత్రకు గాయమైనా, ఓటమైనా, చావైనా ఆ పాత్రను ఆడేవాళ్ళు ఒప్పుకుంటేనే. నెలల తరబడి రాసుకున్న పాత్రను ముక్కూ మొహం తెలియనివాడు ఒక్క వాక్యంతో చెరిపెయ్యడమేమిటన్నది వాళ్ళ వాదన. ఇందులో బలముంది. మనం రాసుకుంటున్నది కథ అయినప్పుడు సహరచయితను అడగకుండా అతని అధ్యాయం చించరు. కానీ ఈ పద్ధతిలో నడిచిన ఆటల్లో ఒక జబ్బు పట్టుకుంది. రాజ్యాన్ని అమ్మేసిన మంత్రికి శిక్ష పడదు. సభలో రాజును బూతులు తిట్టినవాడు తాపీగా ఇంటికి పోతాడు. చావని విలన్లు, ఓడని వీరులు. పదిమందీ గెలిచే యుద్ధాన్ని ఎంతకాలమని రాస్తారు?

రెండో శిబిరం ఫలితవాదులది. పాత్ర చేసిన పనికి పాత్రే అనుభవించాలన్నది వాళ్ళ మూలసూత్రం. 1991లో వచ్చిన ‘వాంపైర్: ద మాస్కరేడ్’ అనే బల్ల ఆట ఆధారంగా నడిచిన మష్‌లలో ఈ పద్ధతి బాగా వేళ్ళూనుకుంది. ప్రతి పాత్రకూ బలాబలాల చిట్టా, పాచికలు, తేలనప్పుడు తీర్పు చెప్పే నిర్వాహకుడు. వీళ్ళ వాదన తెలుగువాళ్ళకు తేలిగ్గా అర్థమవుతుంది. వేదిక మీద కూర్చున్నాక అవధాని నిషిద్ధాక్షరి వద్దనలేడు. అక్షరం అక్షరానికీ అడ్డుపడతారని తెలిసే కూర్చున్నాడు, ఆ అడ్డు లేకపోతే చూడవచ్చిన జనమూ ఉండరు. నిజమే. అయితే పృచ్ఛకుడు నిషేధించగలిగేది అక్షరాన్నే. ఆ వంకతో అవధాని ఇంట్లోవాళ్ళ జోలికి పోకూడదు. ఆ హద్దు ఎక్కడుందో వాంపైర్ మష్‌లు చాలా కష్టం మీద నేర్చుకున్నాయి. ఆ ఆటలో డామినేట్ అనే శక్తి ఉంది. పాచికలు అనుకూలిస్తే ఒక పాత్ర ఇంకో పాత్రను చెప్పినట్టు ఆడించవచ్చు. కోట తలుపు తీయించడం దాకా సరే. అదే శక్తితో పడకగదికి రమ్మంటే? ఫలితవాదం మీద నడిచిన ఆటలు కూడా చాలావరకు ఇక్కడ గీత గీశాయి. లైంగిక హింస అయితే పాచికలు చెల్లవు, మనిషి ఒప్పుకోవాలి. కొన్ని ఆటలు ఒప్పుకున్నా కుదరదన్నాయి.

ఫలితవాదానికి ఇంకో లోపముంది, దాన్ని ఆ శిబిరం వాళ్ళు అంత తేలిగ్గా ఒప్పుకోరు. నియమాల పుస్తకం కంఠతా వచ్చినవాడికీ, నిర్వాహకులతో చనువున్నవాడికీ ఫలితాలు ఎప్పుడూ కొంచెం మెత్తగా తగులుతాయి.

మెజారిటీ ఆటలు చివరికి మధ్యలో ఎక్కడో కుదురుకున్నాయి. తెలిసి తెగించడమే సమ్మతి అన్నది అక్కడి సూత్రం. ఒక హంతకుడు రాణి పడకగదిలోకి చొరబడ్డాడనుకుందాం. పూర్తి సమ్మతి ఆటలో ఆ రాత్రి ఏమవుతుందో రాణీ హంతకుడూ ముందే మాట్లాడుకుంటారు. కుదరకపోతే హంతకుడికి ఆ రాత్రి దారి దొరకదు. ఫలితవాద ఆటలో కావలివాళ్ళెందరు, కత్తి పదునెంత అని పాచికలు పడతాయి. తెల్లారేసరికి ఎవరో ఒకరు ఉండరు. మధ్యేమార్గంలో హంతకుడు చొరబడిన మరుక్షణమే తన చావుకు ఒప్పుకున్నట్టు లెక్క. నిద్రపోతున్న రాణి మాత్రం దేనికీ ఒప్పుకోలేదు, ఆమె ప్రాణం తీయాలంటే అడగాలి. వినడానికి న్యాయంగానే ఉంది. కాకపోతే ఏ పని తెగింపు కిందికి వస్తుందో ముందుగా చెప్పకపోతే ఈ న్యాయం నిలవదు. రాజుకు నమస్కరించకపోవడం తెగింపా, పొగరా, మరిచిపోవడమా?

డ్రాగన్లు ఎగిరే వేళ

కథే సమ్మతికి అడ్డొస్తే ఏం చేయాలన్నది ఈ చర్చలో అన్నిటికన్నా ఆసక్తికరమైన చిక్కు. దానికి పెర్న్ ఆటలు మంచి ఉదాహరణ. ఆన్ మెకఫ్రీ రాసిన పెర్న్ నవలల లోకంలో 1990ల మొదటినుంచీ ఎన్నో మష్‌లు నడిచాయి. ఆ లోకంలో ప్రతి డ్రాగనూ ఒక మనిషితో మనసు పెనవేసుకుని ఉంటుంది. బంగారు రంగు రాణి డ్రాగన్ జత కట్టడానికి ఆకాశంలోకి లేస్తే కంచురంగు మగ డ్రాగన్లు వెంటపడతాయి. అప్పుడు వాటి రౌతులు కూడా ఆ ఆవేశంలో కొట్టుకుపోతారు. మనిషి ఇష్టాయిష్టాలకు అక్కడ చోటు లేదు. 1968లో వచ్చిన ‘డ్రాగన్‌ఫ్లైట్’ నవలలోనే ఈ ఏర్పాటు ఉంది.

ఆటలో దీన్ని తీసేస్తే అది పెర్న్ కాదు. ఉన్నదున్నట్టు ఆడితే ఆడేవాళ్ళ మీద జులుం. పెర్న్ ఆటగాళ్ళు కనిపెట్టిన దారి చక్కగా ఉంటుంది. ఆకాశంలో డ్రాగన్ల వేటను మాత్రం అందరూ కలిసి, పోటీపడి, కవిత్వం ఒలకబోస్తూ పోజ్‌లు రాస్తారు. గెలిచేదెవరో చాలాచోట్ల రాణి డ్రాగన్ రౌతును ఆడే మనిషే తేలుస్తుంది, కొన్నిచోట్ల పాచికలు తేలుస్తాయి. డ్రాగన్లు కలిసిన క్షణాన కింద మనుషుల మీద తెర పడిపోతుంది. దీన్నే ఫేడ్ టు బ్లాక్ అంటారు. పాత్రకు సమ్మతి లేదు, మనిషికి ఉంది. రెండూ ఒకే సన్నివేశంలో పక్కపక్కన నిలిచాయి. పెద్ద పెద్ద సిద్ధాంతాలు చేయలేకపోయిన పని ఒక పాత నాటకం చిట్కా చేసిపెట్టింది.

బల్ల మీది కార్డు, తెర మీది మౌనం

2000 తర్వాత చర్చ రెండో ప్రశ్న వైపు, అంటే కళ్ళ ముందుకు ఏ రాత రావచ్చన్న దానివైపు మొగ్గింది. ఇందుకు పనిముట్లు బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటలనుంచి వచ్చాయి. 2003లో ఆటల రూపకర్త రాన్ ఎడ్వర్డ్స్ గీతలు, ముసుగులు అనే జంట పద్ధతి చెప్పాడు. గీత దాటి కథ అసలు పోకూడదు. ముసుగు వెనక జరగొచ్చు, చూపించకూడదు. 2013లో జాన్ స్టావ్రోపులోస్ ఎక్స్ కార్డు తెచ్చాడు. బల్ల మధ్య ఒక కార్డు ఉంటుంది. దాన్ని ఎవరు ముట్టుకున్నా అప్పుడు నడుస్తున్న సంగతి వదిలేయాలి, కారణం అడగకూడదు. 2019లో మాంటీ కుక్ గేమ్స్ సంస్థ ఇదే విషయం మీద ఒక చిన్న పుస్తకాన్ని ఉచితంగా పంచింది.

వీటిని అక్షరాల ఆటల్లోకి యథాతథంగా దింపడం దగ్గర నాకు పేచీ ఉంది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళకు ఒకరి మొహం ఒకరికి కనిపిస్తుంది. చేయి వణికితే తెలుస్తుంది. తెర మీద అవతలి మనిషి ఐదు నిమిషాలు ఏమీ రాయలేదంటే అది ఇబ్బందా, టీ కోసం లేచిపోయారా, కరెంటు పోయిందా, నిదానంగా టైపు చేస్తున్నారా? మౌనం అర్ధాంగీకారం అని మనకో పాత మాట ఉంది. ఈ ఆటల్లో అంతకన్నా ప్రమాదకరమైన మాట లేదు. పైగా రోజుకో పోజ్ చొప్పున సాగే ఆటల్లో, ఇక్కడివాళ్ళు నిద్రపోతుండగా అక్కడివాళ్ళు రాస్తారు. పొద్దున లేచి చదివాక ఎక్స్ అని పెట్టి ప్రయోజనమేముంది? చదవాల్సిందంతా చదివేశారు.

అందుకే లైవ్‌జర్నల్, డ్రీమ్‌విడ్త్ ఆటగాళ్ళు పెంచుకున్న అనుమతుల చిట్టా ఈ మాధ్యమానికి మరింత తగినదని నా అభిప్రాయం. ప్రతి పాత్రకూ ఒక చిట్టా ఉంటుంది. కౌగిలించుకోవచ్చా: పర్లేదు. గాయపరచవచ్చా: చిన్నవైతే సరే. మనసులో మాట చదివే శక్తి వాడొచ్చా: ముందు అడగండి. చంపొచ్చా: కుదరదు. ఆట మొదలవక ముందే తెలిసిపోతుంది, ఎవరినీ నడిమధ్యలో ఆపక్కర్లేదు. దీనికీ విమర్శకులున్నారు, వాళ్ళ మాట కొట్టిపారేయదగ్గది కాదు. నాకు భరించరాని సంగతులివీ అని పేరుపేరునా రాసి పెట్టడమంటే, ఎక్కడ కొడితే నొప్పో పటం గీసి అపరిచితుల చేతికిచ్చినట్టు. ఇక ఎక్స్ కార్డును ఓటమి తప్పించుకోవడానికి వాడతారన్న ఫిర్యాదు ఫలితవాదుల నుంచి ఎప్పుడూ ఉండేదే. మొదటి ప్రశ్ననూ రెండోదాన్నీ విడదీస్తే ఈ ఫిర్యాదు చాలావరకు పోతుంది. చిత్రహింస ఎలా జరిగిందో నాకు చదివించకండి అనే హక్కు ఎవరికైనా ఉంది. అందువల్ల కోట చేజారకుండా ఆగాలనే హక్కు మాత్రం లేదు.

పాత్ర ఉద్వేగం మనిషిలోకి ఇంకడాన్ని ఆటల రూపకర్త ఎమిలీ కేర్ బాస్ 2007లో ‘బ్లీడ్’ అంది. కొందరు అది కలగకుండా జాగ్రత్తపడితే, కొందరు అందుకోసమే ఆడతారు. సమ్మతి చర్చ ఎక్కువగా మొదటి రకం వాళ్ళ గొంతుతోనే నడిచింది.

సర్వర్ ఎవరిది?

మూడో ప్రశ్న అన్నిటికన్నా తక్కువగా తేలింది. మళ్ళీ లాంబ్డామూకే వెళ్ళాలి. బంగిల్ దాడికి కొద్ది నెలల ముందే, 1992 చివర్లో, అక్కడి విజార్డులు, అంటే సర్వాధికారాలున్న నిర్వాహకులు, ఇకపై సాంఘిక తగువుల్లో తాము వేలు పెట్టమనీ యంత్రాన్ని నడపడమే తమ పని అనీ ప్రకటించారు. దాంతో బంగిల్‌ను ఏం చేయాలో తేల్చే నాథుడు లేకుండా పోయాడు. జనం ఒక గదిలో చేరి గంటల తరబడి వాదించుకున్నారు, ఏదీ తేలలేదు. చివరికి జోఫీడ్‌బ్యాక్ అనే విజార్డు ఒక్కడే నిర్ణయం తీసుకుని బంగిల్ పాత్రను తుడిచేశాడు. అదే వాడుకదారు కొంతకాలానికి డాక్టర్ జెస్ట్ అనే కొత్త పేరుతో తిరిగొచ్చాడు.

ఆ తర్వాత పావెల్ కర్టిస్ అర్జీలు, ఓటింగు పెట్టాడు. వ్యతిరేక ఓట్లకు రెట్టింపు అనుకూల ఓట్లు పడితే విజార్డులు దాన్ని అమలు చేయాలి. మూడేళ్ళు నడిచింది. యంత్రం సంగతులనూ సమాజం సంగతులనూ విడదీయడం కుదరని పని అని చెబుతూ 1996 మేలో విజార్డులు పగ్గాలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. ఒక ఆదేశాన్ని ఉంచడమూ తీసేయడమూ కూడా రాజకీయమేనని అప్పటికి అందరికీ అర్థమైంది. 2000లో ఆటల రూపకర్త రాఫ్ కోస్టర్ 1789 నాటి ఫ్రెంచి ప్రకటన నమూనాలో ఆటగాళ్ళ హక్కుల పత్రం ఒకటి రాసి చర్చకు పెట్టాడు. నిర్వాహకుల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. వచ్చి తీరాలి మరి: సర్వర్ ఖర్చు పెట్టుకునేది వాళ్ళు, రాత్రి రెండు గంటలకు తగువు తీర్చడానికి లేచేదీ వాళ్ళే. ఈరోజు డిస్కార్డ్‌లో సర్వర్ యజమాని ఒక్క క్లిక్కుతో ఎవరినైనా బయట పడేయగలడు. అతని పైన డిస్కార్డ్ ఉంది. నచ్చకపోతే వెళ్ళిపో అనే హక్కొక్కటే ఆటగాడికి మిగిలింది. ఏళ్ళ తరబడి కట్టుకున్న కథనూ స్నేహాలనూ వదిలి పొమ్మనడాన్ని స్వేచ్ఛ అనడానికి నాకు నోరు రాదు.

తేలకుండా ఉన్నవి

ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకుంటే అప్పటిదాకా జరిగిన కథ ఏం కావాలి? జరగనట్టే చెరిపేయాలని కొందరంటారు. కానీ ఆ సన్నివేశం మీద ఇంకో ఆరుగురు తమ కథలు కట్టుకుని ఉంటారు. ముందుకు ఆగాలి, వెనక్కి చెరపనక్కర్లేదు అన్నది వాడుకలో ఎక్కువగా ఉన్న రాజీ. అది రాజీయే, సమాధానం కాదు.

లాగ్‌ల, అంటే ఆడినదంతా దాచిన నకళ్ళ, సంగతి ఇంకా మురికిగా ఉంది. రాసిన ప్రతి అక్షరాన్నీ ఎవరైనా దాచుకోవచ్చు, ఎవరికైనా చూపొచ్చు. ఆడటానికి ఒప్పుకున్నవాళ్ళు అచ్చుకు ఒప్పుకోలేదు. అయితే వేధింపు ఫిర్యాదు చేయాలంటే ఆ లాగే సాక్ష్యం.

వయసు దగ్గర నియమాలూ చట్టాలూ కూడా ఒక మాట మీద లేవు. డిస్కార్డ్ సాధారణంగా 13 ఏళ్ళు నిండితే రానిస్తుంది. మన దేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 నిండని ప్రతివారినీ పిల్లలుగానే చూస్తుంది, వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. తెర వెనక 15 ఏళ్ళ పిల్లవాడు ఉంటే అతని ‘సరే’కు ఏ ఆటలోనూ విలువ లేదు, అతను 15 ఏళ్ళవాడని తెలుసుకునే దారీ లేదు.

యంత్రంతో ఆడే ఆటలు వచ్చాక కొత్త చిక్కు పుట్టింది. 2019లో వచ్చిన ఏఐ డంజన్‌లో ఎదుటి పాత్రలను కంప్యూటరే రాస్తుంది. అక్కడ సమ్మతి అడగాల్సిన మనిషే లేడనుకున్నారు. 2021 ఏప్రిల్‌లో కొన్ని రకాల రాతను పట్టుకునే వడపోత పెట్టినప్పుడు, మా సొంత కథలు మీరెందుకు చదువుతున్నారని ఆటగాళ్ళు తిరగబడ్డారు. ఎదుట మనిషి లేకపోయినా వెనక కంపెనీ ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

తెలుగులో ఎవరైనా ఇలాంటి ఆట మొదలుపెడితే ఒక మనవి. నియమాలను ఇంగ్లీషు సర్వర్ల నుంచి గంపగుత్తగా ఎత్తుకు రాకండి. ఏ పనులు తెగింపు కిందికి వస్తాయో ముందే రాయండి, తగువు వస్తే తీర్చేదెవరో పేరుతో సహా చెప్పండి. అన్నిటికన్నా ముందు, మొదటి పేజీలో మొదటి వరుసగా ఇది పెట్టండి: ఇక్కడ ఎవరూ ‘నరికాడు’ అని రాయరు, ‘నరకబోయాడు’ అని రాస్తారు.